మంచినీళ్ల బావి గట్టు మీద

మాది కాకినాడ. కాలవలు, చెరువులు, పక్కనే గోదావరి, ఎదురుగా సముద్రం. వరదొచ్చినప్పుడు తిట్టుకోవడం తప్ప నీళ్ల గురించి ఆలోచించే అవసరం మావాళ్లకి రాలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని కోటేశ్వరరావు ఫోన్ చేసి, "ఏరా, మా ఊళ్లో బావికి పండగ చేస్తున్నాం, రా" అన్నాడు. బావికి పండగేంటిరా నీ మొహం అన్నాను. వాడు నవ్వలేదు.

కోటేశ్వరరావూ నేనూ కుర్రతనంలో ఒకే బ్యాంకులో, ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు రిటైరై గుంటూరులో ఉంటున్నాడు. వాడి సొంతూరు దర్శి దాటాక, మెట్టలో. ఊరి పేరు రాయను, రాస్తే నాకు మళ్లీ అన్నం పెట్టరు. ఆ ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఒక్క బావిలో మాత్రం మంచినీళ్లు. కుళాయిలు, ఆ తర్వాత నీళ్ల క్యాన్లు వచ్చాక ఆ బావిని చెత్తతో నింపేశారు. ఇప్పుడు ఎక్కడెక్కడో స్థిరపడిన ఊరివాళ్లంతా వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకుని, చందాలు వేసుకుని, పూడిక తీయించారు. గట్టు పక్కన కోటేశ్వరరావు తన తల్లి వెంకాయమ్మ గారి పేరు మీద ఒక రాయి పెడుతున్నాడు. 'అడిగినవారికి లేదనకుండా నీళ్లు పోసిన తల్లి' అని దాని మీద చెక్కించాడు కూడా.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఊరికి అవతల క్రైస్తవుల పేట ఉంది. దాన్ని అక్కడ 'పల్లె' అంటారు. రాయి ఫొటో గ్రూపులో పెట్టగానే పల్లె నుంచి ఒక కుర్రాడు, "ఆ బావి మాకెప్పుడు బావి అయింది?" అని రాసి గ్రూపులోంచి వెళ్లిపోయాడట. ఆ ఒక్క మాటకి కోటేశ్వరరావుకి నిద్ర పట్టడం మానేసింది. పల్లెలో సువార్తమ్మ టీచర్ గారని పెద్దావిడ ఉన్నారు, వీడికి చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది ఆవిడే. పండగనాడు మొదటి చేద ఆవిడ చేత తోడించి, అమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పించాలని వీడి ఆశ.

"ఆవిడ ఒప్పుకుంటే చాలురా. మా అమ్మ పేరు నిలబడుతుంది" అన్నాడు. ఆ గొంతు విన్నాక రానని ఎలా అంటాను?

గుంటూరు: చద్దన్నానికి క్యూ

మార్చి మొదటి వారం. రైలు దిగీ దిగగానే ముక్కుకి మిరపఘాటు తగిలి వరసగా తుమ్ములు. స్టేషన్ బయట ఆటో అతను, "కొత్తాండి? రెండు రోజుల్లో అలవాటైపోద్ది లెండి" అని ఓదార్చాడు. అలవాటు కాలేదు.

రాత్రి భోజనానికి కోటేశ్వరరావు ఒక హోటల్‌కి తీసుకెళ్లాడు. లోపల మట్టిగోడలా రంగు వేసిన సిమెంటు గోడ. దాని మీద ఎడ్లబండి చక్రం, కిరోసిన్ లాంతరులో కరెంటు బల్బు. ఒక మూల తిరగలి, రోలు, కవ్వం, చుట్టూ తాడు కట్టి 'ముట్టుకోరాదు' అని బోర్డు. వడ్డించే కుర్రాళ్లకి పంచెలు కట్టించారు. వాళ్లు ఆ పంచెలతో మెట్లెక్కలేక పడుతున్న అవస్థ చూడాలి. చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి నూట ఎనభై రూపాయలు. దానికి అరగంట క్యూ!

"మీ ఇంట్లో చద్దన్నం తింటారా బాబూ?" అని వడ్డించే అతన్ని అడిగాను.

"మా నాన్న తినేవాడండి పొలం పోయేముందు. నేను తింటే మా ఆవిడ ఊరుకోదు. మనకేం ఖర్మ, టిఫిను చేస్తాను కదా అంటది."

పక్క బల్ల మీద ఒకాయన కూతురికి చద్దన్నం తినిపిస్తూ, "మేం ఇది తినే ఇంత బలంగా పెరిగాం" అని చెబుతున్నాడు. ఆ పిల్ల బుద్ధిగా తింటోంది. ఆకలితో తిన్నవాడికి అది చద్దన్నం, ఆకలి తీరాక కొనుక్కునేవాడికి అది జ్ఞాపకం. నేను మాత్రం పండుమిరప పచ్చడి ఒక్క ముద్ద ఎక్కువ కలుపుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, మూడు గ్లాసుల మజ్జిగ తాగాను. మా వైపు పచ్చడిలో కూడా బెల్లం ముక్క పడుతుంది. ఇక్కడ ఆ మాటంటే నన్ను రోగిని చూసినట్టు చూశారు.

తుళ్లూరు: పొలం వెళ్లొస్తా

మర్నాడు కోటేశ్వరరావు కారులో బయల్దేరాం. బావి గట్టుకి సున్నం కావాలి, అది పిడుగురాళ్లలో కొనాలి. దారి కొంచెం చుట్టయినా తుళ్లూరు మీదుగా వెళ్దాం అన్నాను. రాజధాని ఎలా కడుతున్నారో చూడాలని నా కోరిక. పెద్ద పెద్ద రోడ్లు, క్రేన్లు, లారీలు. ప్రతి కూడలిలో ఫ్లెక్సీలు. ఒకరి ఫ్లెక్సీ మీద 'మళ్లీ ఆ రోజులు', దాని ఎదురుగా ఇంకొకరిది, దాని మీదా ఇంచుమించు అదే మాట. మన ఓటు అడిగేవాళ్లు రేపటి గురించి కంటే నిన్నటి గురించే ఎక్కువ చెబుతున్నారని నాకు అప్పుడే తట్టింది. నిన్నటి లెక్కయితే ఎవడూ అడగడు కదా.

టీ కొట్టు దగ్గర ఒక రైతు కలిశాడు. ముఖం ఎండకి కందిపోయి ఉంది, చొక్కా మాత్రం ఇస్త్రీది. రాజధానికి భూమి ఇచ్చినవాళ్లలో ఒకడు. అడగకుండానే ఫోన్ తీసి నిమ్మతోట ఫొటో చూపించాడు. చెట్ల మధ్య ఆయన భార్య నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇప్పుడు ఇదెక్కడండీ?" అని అడిగాను.

"మీరొచ్చిన రోడ్డు కిందుంది" అన్నాడు మామూలుగా. "బాధపడుతున్నానని అనుకోబాకండి. ఇష్టపడే ఇచ్చా. మధ్యలో పనులు ఆగినప్పుడు ఏడ్చా, మళ్లీ మొదలయ్యాయి, సంతోషం. అయినా పొద్దున్నే లేచి, 'పొలం వెళ్లొస్తా' అని ఇంట్లో చెప్పే వస్తానండి. ఇదిగో, ఈ కొట్టు దగ్గర కూర్చుని వెళ్తా. మనసుకి నచ్చజెప్పుకున్నా. కాళ్లకే చెప్పడం కుదర్లా."

టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. మా పొలంలోకొచ్చి మీరు ఇవ్వడమేంటండీ అన్నాడు.

పిడుగురాళ్ల: తెల్ల దుమ్ము

పిడుగురాళ్లలో ఆకులూ తెలుపే, గేదెలూ తెలుపే. రాయి తవ్వే గనులు, ఆ రాయిని కాల్చి సున్నం తీసే బట్టీలు. నేను తెలివితక్కువగా నల్ల ప్యాంటు వేసుకెళ్లాను. పది నిమిషాల్లో నా జుట్టూ నా ప్యాంటూ ఒకే రంగుకొచ్చాయి.

బట్టీ యజమాని మంచి మాటకారి. సిమెంటు వచ్చాక సున్నానికి గిరాకీ పడిపోయిందట, ఇప్పుడు మళ్లీ లేచిందట. "హైదరాబాదోళ్లండి. ఫామ్‌హౌస్‌కి పాతకాలం గోడ కావాలంటారు. కరక్కాయ నీళ్లు, బెల్లం పాకం కలిపి రుబ్బియ్యాలంట. మా తాత చేసిన పనే. తాతకి చుట్టలకి కూడా డబ్బులు చాలేవి కాదు."

"మరి మీ ఇల్లూ సున్నంతోనే కట్టుకున్నారా?"

"ఏం మాట్లాడుతున్నారండీ? నాది మొత్తం సిమెంటు, పైన రెండు ఏసీలు!"

బస్తాలు ఎత్తే ఆడవాళ్లు ముక్కుకి పైటచెంగు కట్టుకుని పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకావిడ, "ఈ గోడలు చల్లగా ఉంటాయంట గదండీ?" అని నన్నే అడిగింది. ఉంటాయమ్మా అన్నాను. "మేం ఎప్పుడూ అందులో పడుకోలా" అని బస్తా ఎత్తుకుని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది.

కోటేశ్వరరావు సిమెంటు వద్దు, సున్నమే కావాలని పట్టుబట్టి నాలుగు బస్తాలు డిక్కీలో వేయించాడు. ఒక బస్తాకి చిల్లు ఉందని మేం చూసుకోలేదు. నరసరావుపేటలో భోజనానికి ఆగినప్పుడు చూస్తే మా బట్టల పెట్టెలన్నీ పెళ్లింటికి సున్నం కొట్టినట్టున్నాయి.

దర్శి దాటాక

వినుకొండ దాటిన తర్వాత నేల రంగు మారింది. చివరి తీత తీసిన పత్తి చేలు ఎండి నిలబడ్డాయి. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. కంటికి ఆనినంత మేరా ఎరుపే. కాలవ అన్నది కనపడితే ఒట్టు. సాయంత్రానికి ఊరు చేరాం.

కోటేశ్వరరావు పెద్దక్క సీతారావమ్మ గారు ఊళ్లోనే ఉంటారు. డెబ్బై అయిదు దాటినా నిటారుగా నడుస్తారు, మాట పది ఇళ్లకి వినపడుతుంది. "ఏరా కోటీ, ఇంత చిక్కిపోయావేంట్రా! ఈయనేనా గోదారాయన? రండి బాబూ, ఇక్కడ నీళ్లు క్యాన్‌వే, భయపడబాకండి" అని ఎదురొచ్చారు. జొన్నరొట్టె, గోంగూర, మీగడ పెరుగు పెట్టారు. కారం తగ్గించామన్నారు. ఏం తగ్గించారో దేవుడికే తెలియాలి.

భోజనం చేస్తూ తల్లి గురించి చెప్పుకొచ్చారు అక్కా తమ్ముడూ. వెంకాయమ్మ గారు తెల్లారకుండానే ఒకసారి, సాయంత్రం ఒకసారి బావి దగ్గరికి వెళ్లేవారట. తన బిందెలు నింపుకున్నాక కూడా, పల్లె నుంచి వచ్చినవాళ్లందరికీ తోడి పోసి గానీ ఇంటికి వచ్చేవారు కాదట. "చేతులు బొబ్బలెక్కేయి, అయినా పోసేది. మిగతా ఆడోళ్లు ముఖం తిప్పుకుని పొయ్యేవాళ్లు. మా అమ్మ అట్టా కాదు" అన్నారు సీతారావమ్మ గారు. కళ్లు తుడుచుకున్నారు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. ఆ తల్లి మంచిదే.

టీచర్ గారిల్లు

మర్నాడు పల్లెకి వెళ్లాం. చర్చి పక్క సందులో చిన్న డాబా ఇల్లు. సువార్తమ్మ గారు తెల్ల చీరలో, కళ్లద్దాలతో, "వందనాలు బాబూ" అని లోపలికి పిలిచి కుర్చీలు వేశారు. టీ ఇచ్చారు. నేను తెచ్చిన కాజాల పొట్లం విప్పి, మొదటిది కోటేశ్వరరావుకే పెట్టారు. వాడు ఆవిడ దగ్గర అరవై దాటిన మనిషిలా లేడు, పలక పట్టుకొచ్చినవాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

సంగతి చెప్పాడు. రాయి మీద మాట చదివి వినిపించాడు. "మీరే చెప్పాలి టీచర్ గారూ. మా అమ్మ పోసిందా లేదా?"

"పోసింది" అన్నారావిడ వెంటనే. "వెంకాయమ్మ గారు పోసినట్టు ఇంకెవరూ పొయ్యలేదు. నేను కాదనను."

కోటేశ్వరరావు ముఖం వెలిగింది.

"మేం గట్టు ఎక్కకూడదు, చేద ముట్టుకోకూడదు. అది నీకు తెలిసిందే" అని ఆవిడ మెల్లగా కొనసాగించారు. "కింద బిందె పెట్టుకుని నిలబడాలి, ఎవరో ఒకరు దయతలిచి వచ్చేదాకా. మీ అమ్మ జొరమొచ్చి రాని రోజున మా అమ్మ మధ్యాన్నం దాకా నిలబడింది. మా తమ్ముడు చంకలో ఉన్నాడు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా అంతే. పగలు నీకు ఎక్కాలు చెప్పేదాన్ని, సాయంత్రం బిందె పట్టుకుని మీ అమ్మ కోసం నిలబడేదాన్ని. నువ్వు ఆ గట్టు మీదే ఆడుకుంటూ ఉండేవాడివి, నన్ను చూసి 'టీచర్ గారొచ్చారమ్మా' అని కేకేసేవాడివి."

ఆవిడ ఖాళీ టీ గ్లాసులు తీసి పక్కన పెట్టారు. "వస్తాను, చేద తోడతాను" అన్నారు చివరికి.

కారులో కూర్చోగానే వాడు, "విన్నావా? మా అమ్మ పోసినట్టు ఇంకెవరూ పొయ్యలేదంట!" అన్నాడు.

"సగమే విన్నావురా నువ్వు" అన్నాను.

"అప్పటి రోజులు అట్టాంటివి. దానికి మా అమ్మేం చేస్తుంది?"

"మీ అమ్మనెవడన్నాడ్రా? ఆ రాయి మీద నీళ్లు పోసినావిడ ఉంది. నిలబడ్డావిడ ఏదీ?"

"నువ్వు గోదావరి నీళ్లు తాగి వచ్చి మాకు చెప్పబాక!" అని గట్టిగా అరిచాడు. తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నలభై ఏళ్ల స్నేహంలో వాడు నా మీద అరవడం అదే మొదలు. నాకూ కోపం వచ్చింది. బస్సెక్కి పోదామనుకున్నాను, కానీ ఆ ఊరికి బస్సు రోజుకి రెండుసార్లేనట.

బావి పండగ

ఆదివారం పొద్దున బావి చుట్టూ షామియానా వేశారు. గట్టుకి కొట్టిన సున్నం ఎండలో కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకున్నారు, వాటి మీద బావి బొమ్మ. ఒకాయన ఈ నీళ్లు మట్టి సీసాల్లో పోసి అమ్మితే బ్రాండ్ అవుతుందని నాకు వివరంగా చెప్పాడు. చర్చి అయ్యాక పల్లె నుంచి కూడా చాలామంది వచ్చారు, షామియానా నీడలోకి రాకుండా అంచున నిలబడ్డారు. రండి రండి అని పిలిచాక వచ్చి కూర్చున్నారు.

నాయకుడొకాయన ఆలస్యంగా వచ్చి మైకు అందుకున్నాడు. "ఆ రోజుల్లో కులమా, మతమా! అందరం ఒక్క బావి నీళ్లు తాగి, ఒక్క తల్లి బిడ్డల్లా పెరిగాం. ఆ మంచి రోజులు మళ్లీ తెచ్చుకోవాలా వద్దా?" టీషర్టుల వాళ్లు చప్పట్లు కొట్టారు. కొందరు నిజంగానే ఏడుస్తున్నారు. ఎగతాళికి చెప్పడం లేదు, వాళ్లకి ఆ బావి నిజంగానే అమ్మతో సమానం.

తర్వాత సువార్తమ్మ గారిని గట్టు మీదికి పిలిచారు. ఆవిడ చెప్పులు కింద విడిచి, ఒక్కో మెట్టూ ఎక్కి, కొత్త చేంతాడు చేతిలోకి తీసుకున్నారు. చేద కిందికి వదిలారు. బరువుకి తాడు జర్రున జారి ఆవిడ అరచేతులు ఒరుసుకుపోయాయి. దబ్బున శబ్దం. ఆవిడకి తోడటం రాదు. పుట్టింది ఆ ఊళ్లోనే, పెరిగింది ఆ ఊళ్లోనే, ఆ తాడు ఎలా పట్టుకోవాలో తెలియదు!

"అయ్యో, నీకు చేతకాదు సువార్తా, ఇటియ్యి" అంటూ సీతారావమ్మ గారు గబగబా వచ్చి తాడు అందుకున్నారు. చూస్తుండగానే చేయి మీద చేయి వేసి లాగేశారు. గిలక కిర్రుమంది, నిండు చేద పైకి వచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తి, "పట్టు" అన్నారు.

ఈలోగా సువార్తమ్మ గారు గట్టు దిగిపోయి ఉన్నారు. ఎవరూ దిగమనలేదు. దిగి, నడుం వంచి, దోసిలి పట్టారు. పైనుంచి సీతారావమ్మ గారు, చేద ఎక్కడా చేతులకి తగలకుండా, ఎత్తు నుంచి సన్నటి ధారగా పోశారు. ఇద్దరికీ ఆ కొలత ఎంత బాగా గుర్తుందంటే ఒక్క చుక్క కింద పడలేదు.

కుర్రాళ్లు ఫోన్లలో వీడియో తీస్తూ చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లు ఒక్కరూ కొట్టలేదు. ఊరివాళ్లు గానీ, పల్లెవాళ్లు గానీ. కుర్రాళ్లకీ ఏదో తెలిసినట్టుంది, చప్పట్లు తడబడి ఆగిపోయాయి. సీతారావమ్మ గారి చేయి మధ్యలోనే నిలిచిపోయింది. చేతిలో చేద, కింద వంగి ఉన్న టీచర్ గారు. సీతారావమ్మ గారు తన చేతుల వంక తనే చూసుకుని, "ఓరి దేవుడా, నేనేం చేస్తున్నా" అన్నారు.

సువార్తమ్మ గారు మెల్లగా నిటారయ్యారు. పైటచెంగుతో మూతి తుడుచుకున్నారు. కోపం లేదు ఆ ముఖంలో, అలసట ఉంది.

"ఏం అనుకోబాకండి సీతమ్మ గారూ. మీరు పొయ్యడం మర్చిపోలా, నేను వంగడం మర్చిపోలా. పిల్లలకి ఈ బావి గురించి ఎట్టా చెప్పాలా అని రాత్రంతా ఆలోచించా. ఇంక చెప్పే పనిలేదు, చూశారుగా."

అని, మళ్లీ గట్టెక్కారు. చేద అడిగి తీసుకుని లోపలికి వదిలారు. సాయం చేయబోయినవాళ్లని వద్దన్నారు. లాగారు, తాడు జారింది, మళ్లీ లాగారు. సగం నీళ్లు ఒలికిపోయాయి. చాలాసేపు పట్టింది, ఎవరూ కదల్లేదు. ఆ చేద గట్టు మీద పెట్టి, అక్కడే కూర్చుని, దాంట్లోంచే తాగారు.

మైకు పట్టుకున్నతను శిలాఫలకం తెర తీయడానికి కోటేశ్వరరావుని రెండుసార్లు పిలిచాడు. వాడు రాయి దగ్గరికి వెళ్లాడు, కప్పిన గుడ్డ మీద చేయి వేసి నిలబడ్డాడు. "ఇవాళ వద్దు" అన్నాడు. మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

భోజనాలు మాత్రం అందరూ చేశారు. గుమ్మడికాయ పులుసు ఎవరికీ రుచించినట్టు లేదు.

మర్నాడు పొద్దున

తెల్లారగానే కోటేశ్వరరావు నన్ను లేపి, "పద, టీచర్ గారింటికి" అన్నాడు. అరిచిన తర్వాత నాతో సరిగ్గా మాట్లాడిన మొదటి మాట అదే. దారిలో, "అమ్మ పేరు పక్కన ఆవిడ తల్లి పేరు కూడా చెక్కిస్తాను. రాయి మార్పిస్తాను" అన్నాడు. మంచిదే, పేరేంటి అని అడిగాను.

నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "సువార్త వాళ్లమ్మ అనేవాళ్లం" అన్నాడు. "మా అమ్మ కూడా అట్టాగే అనేది. ప్రతి రోజూ పోసేది కదరా నీళ్లు... పేరు తెలీదు."

సువార్తమ్మ గారు వాకిట్లో ముగ్గులేని నేలని ఊడుస్తున్నారు. అరచేతులకి గుడ్డ కట్టుకున్నారు. వాడు గుమ్మం ముందు నిలబడి, రాయి సంగతి ఎత్తి, అడిగాడు.

"మీ అమ్మగారి పేరేంటండీ?"

ఆవిడ చీపురు గోడకి ఆనించారు.

"రాయి మీదికైతే చెప్పను కోటేశ్వరరావూ. ఆ రాయిని చూసి మీరంతా మళ్లీ చప్పట్లు కొట్టుకుంటారు. నీకు తెలుసుకోవాలనుంటే కూర్చో, చెప్తాను."

వాడు చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ పక్కన కూర్చుని తల్లి పేరు చెప్పారు. ఏ ఊరి ఆడపడుచో, ఏ పాట పాడేదో, ఎలా పోయిందో అన్నీ చెప్పారు. ఎండ అరుగెక్కేదాకా వాడు కదల్లేదు. ఆ పేరు నాకూ తెలుసు. ఇక్కడ మాత్రం రాయను.